వణకని గురి

పాత ఆట మూసేస్తున్నారన్న కబురు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఆటే కదా, పోతే పోయింది అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, వాళ్ళకేం, హాయిగా ఉన్నారు. ఆ ఇంట్లో మాత్రం ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అమ్మ, అక్క, తమ్ముడు. అక్క బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్న ఆరింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి ఒళ్ళంతా మిషన్ నూనె వాసనతో తిరిగొస్తుంది. తమ్ముడికి ఇరవయ్యారేళ్ళు. పదిహేనో ఏట మొదలైన కండరాల జబ్బు కాళ్ళు తీసుకుంది, చేతులు తీసుకుంది, మెడ తీసుకుంది. చివరికి కుడి బొటనవేలు, గడ్డం, కళ్ళు, ఒక్కసారికి రెండు మాటలకి సరిపడా ఊపిరి, ఇంతమాత్రం వదిలిపెట్టింది. ఆ వదిలిపెట్టినదాంతోనే వాడు రెండేళ్ళుగా ఓ నలుగురి జట్టులో చేరి కంప్యూటర్లో ఆ తుపాకీల ఆట ఆడుతున్నాడు.

జట్టులో మిగతా ముగ్గురూ ముగ్గురే. కెప్టెన్ ఎక్కడో డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతాడు. కందిరీగ అనే అమ్మాయి మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది, నోరు తెరిస్తే కుట్టకుండా వదలదు. పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఆటలో కూడా హారన్ కొట్టినట్టే అరుస్తాడు. మేడ మీద కిటికీ దగ్గర కదలకుండా కూర్చుని, ఎదుటివాళ్ళు ఎటునుంచి వస్తున్నారో కనిపెట్టి చెబుతాడు గనక మనవాడికి గుడ్లగూబ అని పేరు పెట్టారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసిన పాపాన పోలేదు. గొంతులే పరిచయం. వీడు రెండేసి మాటలే మాట్లాడితే పొగరనుకున్నారు, కూర్చున్నచోటునుంచి కదలకపోతే బద్ధకమనుకున్నారు.

"ఒరేయ్ గుడ్లగూబా, లేచి నాలుగడుగులు వెయ్యరా, కాళ్ళరిగిపోతాయా?" అని కందిరీగ తిట్టినప్పుడల్లా వాడి మొహం చూసి తీరాలి. పెళ్ళికొడుకు చేసి పీటల మీద కూర్చోబెట్టినా అంత కళ రాదు. అమ్మకి మొదట్లో ఒళ్ళు మండేది. "ఎవత్తే అది, నా బిడ్డని పట్టుకుని?" అని మైకు దాకా వెళ్ళబోతే, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలేవాడు.

ఆ జట్టు దొరకకముందు ఆరునెలలపాటు వాడు గోడవైపే చూస్తూ పడుకున్నాడు. ఇటు తిప్పితే కళ్ళు మూసుకునేవాడు. నోట్లో పెట్టిన ముద్ద మింగకుండా బుగ్గలో ఉంచుకునేవాడు. డాక్టరు అక్కని బయటికి పిలిచి, "ఇది నా మందులతో అయ్యే పని కాదమ్మా, దేనిమీదైనా మనసు నిలిపితే తింటాడు, లేకపోతే లేదు" అని ముక్కుసూటిగా చెప్పేశాడు. కాబట్టి జట్టు పోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఒకరికొకరు విడమరిచి చెప్పుకోనక్కర్లేదు. జట్టు పోతే మళ్ళీ గోడే.

కెప్టెన్ ఆ సోమవారమే చెప్పాడు. "కొత్త ఆటలోకి మారుతున్నాం. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారానికి జట్లు నమోదు చెయ్యాలి. నలుగురూ ఉంటేనే తీసుకుంటారట. రానివాడి చోటులో ఇంకొకణ్ణి వెతుక్కుంటా, తర్వాత ఏడవొద్దు."

"వస్తా," అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత అక్కవైపు చూశాడు. ఎందుకంటే ఆ కొత్త ఆట విండోస్‌లో తప్ప నడవదు, వాడి కంప్యూటర్‌ని నడిపేది లినక్స్ అనే వేరే వ్యవస్థ.

విండోస్ పెట్టేసుకుంటే పోయేదిగా అని మీరనొచ్చు. పెట్టి చూశారు మహాప్రభో. చిక్కంతా బొటనవేలితో. అక్క ఫ్యాక్టరీలో పాడైన మిషన్లలోంచి తీసిన చిన్న స్విచ్చులతో వాడికో మీట చేసిచ్చింది. గడ్డం కింద ఒకటి, అటూ ఇటూ తిరగడానికి. బొటనవేలి కింద ఒకటి, గురి పట్టి తుపాకీ పేల్చడానికి. కానీ ఆ వేలు వణుకుతుంది. వణికినప్పుడల్లా స్విచ్చు పడుతుంది. ఏది వణుకో, ఏది వాడు కావాలని నొక్కిందో మిషన్‌కెలా తెలుస్తుంది? ఎవరో ముక్కూమొహం తెలియని మహానుభావుడు, ఇంటర్నెట్ చర్చల ఫోరంలో అక్క గోడు చదివి, ఆ రెండింటినీ వేరుచేసే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. అది రోజూ వాడి వేలిని గమనిస్తూ, కొంచెం కొంచెంగా నేర్చుకుంటూ, వణుకుని తీసేసి నొక్కుడునే ఆటకి పంపుతుంది. ఆయన రాసింది లినక్స్‌కే. విండోస్‌కి కూడా రాసిపెట్టమని అడుగుదామంటే ఆ తర్వాత ఆయన జాడే లేదు. అది లేకుండా విండోస్‌లో ఆడించి చూస్తే తెరమీద వాడి బొమ్మ పూనకమొచ్చినట్టు ఊగిపోయింది. ఐదు నిమిషాలు చూసి వాడే ఆపెయ్యమన్నాడు.

లినక్స్ మీద విండోస్ ఆటలు ఆడించడానికి ప్రోటాన్ అని ఒకటుంది. దుబాసీ లాంటిది. ఆట తన భాషలో అడిగినదాన్ని లినక్స్‌కి దాని భాషలో చెప్పి పని జరిపించి పెడుతుంది. పాత ఆట రెండేళ్ళూ దాని పుణ్యమా అనే నడిచింది. కొత్త ఆట కూడా నడవకపోతుందా అనుకుంది అక్క. పాపం, అనుకోవడంలో తప్పేముంది?

మంగళవారం నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. బుధవారం శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు. బూట్ల చప్పుడు, తుపాకుల మోత, ఎవరో చచ్చిన కేక, అంతా చీకట్లోనే. గురువారం బొమ్మ కూడా వచ్చింది. వచ్చిందమ్మా అనుకునేలోపే మోసగాళ్ళని పట్టుకోవడానికి ఆ ఆటలో పెట్టిన కాపలా ప్రోగ్రాం మేలుకుని, ఈ కంప్యూటర్ నమ్మదగ్గది కాదంటూ బయటికి గెంటేసింది. దానికి కంప్యూటర్ మూలమూలా వెతికి చూసే హక్కు కావాలి, లినక్స్‌లో దాన్ని గుమ్మం దాటనివ్వరు. లినక్స్‌లో ఆడేవాళ్ళ బాధ్యత మాది కాదని కంపెనీ ముందే రాసి చేతులు దులుపుకుంది.

అక్క ఫోరంలో కాళ్ళావేళ్ళా పడింది. ఒకడు ఈ వెర్షన్ వాడమన్నాడు, ఒకడు ఆ వెర్షన్ వాడమన్నాడు. ఇంకొకడు, "హాయిగా విండోస్ పెట్టుకోవచ్చుగా" అని రాసి పక్కన నవ్వుమొహం బొమ్మ పెట్టాడు. వాడి నవ్వు మొహం మండా! కుట్టు మిషనైతే చెవి దగ్గర పెట్టి వింటే చాలు, రోగమేమిటో అక్కకి తెలిసిపోతుంది. ఇది చప్పుడు చెయ్యదు, వేడెక్కదు, వాసన రాదు. శుక్రవారం ఫ్యాక్టరీలో పరధ్యానంలో సూది తిరగేసి బిగించింది. ఆ మిషన్ మీద కుట్టే ఆవిడ కుట్టు తెగిపోతోందని గోల పెడితే గానీ చూసుకోలేదు. పదకొండేళ్ళలో అంత చిన్నపిల్ల తప్పు ఎన్నడూ చెయ్యలేదు.

శనివారం ఒక పెద్దమనిషి ఓపిగ్గా రాశాడు. "పాతదంతా అంటిపెట్టుకుని ఉంటుందమ్మా. ఆ ఆటల ఫోల్డరు మొత్తం తీసేసి, కొత్తగా మొదలుపెట్టి చూడు." లినక్స్‌లో ఆడేవాళ్ళకి ఇది అలవాటైన వైద్యమే. అక్కకి మాత్రం ఇదే మొదటిసారి. ఫోల్డరు తీసేసింది, మళ్ళీ ఎక్కించింది, ఆయన చెప్పిన వెర్షన్ పెట్టింది. ఆట తెరుచుకుంది! బొమ్మా, శబ్దమూ, అన్నీ. కాపలాది కిక్కురుమనలేదు. అక్క ఎగిరి గంతేసి, "అమ్మా, వచ్చేసిందే!" అని అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లో చేతిలో గిన్నె జారవిడిచింది.

తమ్ముడి వేలి కింద మీట పెట్టారు. తెరమీద వాడి బొమ్మ గజగజ వణకడం మొదలుపెట్టింది.

అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. వణుకు తీసే ప్రోగ్రాం రెండేళ్ళుగా నేర్చుకున్నదంతా ఆ ఫోల్డర్లోనే ఉండేది. ఎవరు పెట్టారు అక్కడ? తనే. అన్నీ ఒకేచోట ఉంటే పోకుండా ఉంటాయని, మొదటి నెలలో, ఎంతో జాగ్రత్తగా, తన చేతులతోనే పెట్టింది. ఆ తర్వాత మర్చిపోయింది. నెత్తి కొట్టుకుంది, ఏడ్చింది, తీసేసినవి తిరిగి తెప్పించే ప్రోగ్రాములు రెండు పెట్టి చూసింది. వాటి పైన అప్పటికే కొత్త ఆట వచ్చి కూర్చుంది, ఏమీ మిగల్లేదు.

"మళ్ళీ నేర్పుదాం. ఏం పోయింది?" అన్నాడు తమ్ముడు మధ్యలో ఊపిరి తీసుకుని.

మొదటినుంచి నేర్పాలంటే ఆ ప్రోగ్రాం ఓ పరీక్ష పెడుతుంది. తెరమీద వెలుగు వచ్చినప్పుడల్లా నొక్కాలి, మొత్తం పదిసార్లు. రెండేళ్ళ క్రితం వాడు పదికి పదీ నొక్కాడు. ఇప్పుడు వెలుగు పదిసార్లు వచ్చి పోయింది. కింద అంకె పడింది. నాలుగు.

మళ్ళీ ప్రయత్నించమంది. మళ్ళీ ప్రయత్నించాడు. మూడు.

ఇన్నాళ్ళూ ఆ ప్రోగ్రాం నోరెత్తకుండా వాడి బదులు మోస్తూ వచ్చిందని, వాడి వేలి సత్తువ తగ్గినకొద్దీ అది పెంచుకుంటూ పోయిందని అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకేసారి అర్థమైంది. అమ్మ గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే ఆడుతున్నాననుకున్నా," అన్నాడు తమ్ముడు.

"నువ్వే ఆడావురా. ఎటునుంచి వస్తున్నారో చూసింది నువ్వా, అదా? ఎప్పుడు పేల్చాలో అనుకున్నది నువ్వా, అదా?" అంది అక్క. కసురుకున్నట్టు మాట్లాడింది. ఆ తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి, వణుకు తీసే కొలతని ఎంత పెంచవచ్చో అంతా పెంచేసింది. వాడు నొక్కిన నాలుగూ నాలుగు నిక్కమైన దెబ్బలు కావాలి, అంతే.

మొదటి ఆదివారం సాయంత్రం వాడు కొత్త ఆటలోకి అడుగుపెట్టాడు.

"ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ?" అని కెప్టెన్.

"దొరగారికి తీరిక దొరికింది, మేళం పిలవండి," అని కందిరీగ.

"కిటికీ దగ్గర కూర్చోరా మొద్దూ, అటు కాదు, ఇటు, నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా!" అని పెద్దాయన.

ఎంత సుఖంగా ఉందో చెప్పలేం. అక్క మంచం పక్కన కింద కూలబడి, ఆ తిట్లన్నీ పాట విన్నట్టు విన్నది. మూడో ఆటలో వాడు కిటికీలోంచి వరసగా ముగ్గుర్ని కొట్టాడు. మూడు గుళ్ళూ గీత గీసినట్టు వెళ్ళాయి. పెద్దాయన ఈలవేశాడు. ఆ ఈల ముగిసేలోపే తెర ఎర్రబడింది. మనిషి చేతికి సాధ్యం కాని నిలకడ గుర్తించాం, నిషిద్ధ సాధనం వాడినందుకు ఈ అకౌంటు నిలిపివేస్తున్నాం అని రాసుంది.

జీవితమంతా వణికినవాడు! ఒక్క సాయంత్రం వణక్కుండా గురి చూస్తే అది నేరమైంది. ఇంతకంటే ఘోరం ఉంటుందా?

మిగతా ముగ్గురి తెరమీదా మీ జట్టు సభ్యుణ్ణి మోసం చేసినందుకు తొలగించాం అని పడింది. వాళ్ళ గెలుపు కూడా కొట్టేశారు. కెప్టెన్ గొంతు కోపంతో బొంగురుపోయింది. "రెండేళ్ళురా! నీ కళ్ళని నమ్మి రెండేళ్ళు ఆడాం. అన్నీ దొంగాటలేనా?" కందిరీగ తిట్టలేదు. "నన్ను వెధవని చేశావు," అని మాత్రం అని వెళ్ళిపోయింది. పెద్దాయన కూడా వెనకే వెళ్ళిపోయాడు.

అక్క మైకు అందుకోబోయింది. తమ్ముడు కళ్ళతో ఆపాడు. విచిత్రమేమిటంటే వాడి మొహంలో ఆమె అనుకున్నంత ఏడుపు లేదు.

"మోసగాణ్ణన్నారు," అన్నాడు.

"అంటార్రా మరి, వాళ్ళకేం తెలుసు? నేను చెబుతానుండు."

"చెప్పకు. నా మీదొట్టు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "చేతులున్నవాణ్ణే కదక్కా... అలా అంటారు."

కంపెనీకి మాత్రం రాయడానికి ఒప్పుకున్నాడు. "వాళ్ళు పరాయివాళ్ళు. జట్టుకి వద్దు," అన్నాడు. అక్క డాక్టరు సర్టిఫికెట్టూ, మీట ఫోటోలూ, వణికే వేలి వీడియో కూడా జతచేసి పంపింది. ఆ వీడియో తీస్తున్నంతసేపూ వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. పరిశీలిస్తాం, ఓపిక పట్టండి అని జవాబొచ్చింది.

సోమవారం ఓపిక పట్టారు. మంగళవారం పొద్దున్న ఒంటిని తుడుస్తుంటే, "గోడవైపు తిప్పమ్మా," అన్నాడు. బుధవారం అమ్మ పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది. ఆ పూటే కెప్టెన్ నుంచి జట్టందరికీ మెసేజీ వచ్చింది. గుడ్లగూబ చోటులోకి వేరే మనిషి దొరికాడు, రేపు ఖాయం చేస్తున్నాను అని.

"చెప్పెయ్యవే," అంది అమ్మ.

"ఒట్టు పెట్టించుకున్నాడమ్మా."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. వాడు నోరు కట్టుకుని చస్తుంటే ఒట్టు చూసుకుంటూ కూర్చుంటావా? నన్ను ఆ కెప్టెనెవరో వాడితో మాట్లాడించు, నేనే చెబుతాను." ఆవిడ చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

అక్క మర్నాడు ఫ్యాక్టరీలో టీ వేళకి దారపుకండెలు దాచే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, మెసేజీ వచ్చిన నంబరులో కెప్టెన్‌కి ఫోన్ చేసింది. అవతల బండి ఇంజను చప్పుడు, ఎవరికో "క్లచ్చు నొక్కమ్మా, క్లచ్చు" అని చెబుతున్న గొంతు.

"నేను గుడ్లగూబ అక్కనండీ."

"ఏమ్మా, సిఫారసా? మోసగాడికి నా జట్టులో చోటు లేదు."

"వాడు మోసం చెయ్యలేదండీ."

"రుజువేంటి?"

రుజువా! ఉన్న రుజువు ఒక్కటే. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పేసింది. కాళ్ళ సంగతి, చేతుల సంగతి, వేలి సంగతి, పదికి నాలుగు సంగతి, గోడ సంగతి. "బండి పక్కకి ఆపమ్మా," అన్నాడు కెప్టెన్ పక్కనున్నామెతో. చప్పుడు ఆగింది.

"కాళ్ళరిగిపోతాయా అని తిట్టామమ్మా వాణ్ణి. రెండేళ్ళు తిట్టాం."

"ఆ తిట్లతోనే బతికాడండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇకముందు కూడా అలాగే తిట్టండి. నేను చెప్పినట్టు వాడికి తెలియకూడదు. మిగతా ఇద్దరికీ చెప్పకండి."

"చెప్పనమ్మా. నా పిల్లలమీదొట్టు."

పాపం, మంచివాడే. ఆ దుఃఖం కడుపులో దాచుకోలేక ఆ సాయంత్రంలోపే ఇద్దరికీ చెప్పేశాడు. మనలో ఎవరమైనా అంతే చేసేవాళ్ళం.

శుక్రవారం కంపెనీ పొరపాటైందని ఒప్పుకుని అకౌంటు తెరిచింది, ఆ మీటని గుర్తుపెట్టుకుంటామని కూడా రాసింది. "నీది తప్పు కాదని కంపెనీ జట్టుకి కూడా రాసిందిరా" అని అక్క అబద్ధమాడింది. తమ్ముడు ఆమె మొహంలోకి కాసేపు చూసి, "ఆకలేస్తోంది," అన్నాడు. అమ్మ పరుగెత్తింది. ఆ రోజు వాడు తిన్న ఆరు ముద్దలూ ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే కెప్టెన్ నలుగురి పేర్లూ నమోదు చేశాడు. సాయంత్రం నాలుగింటికి ఆట మొదలైంది.

"వచ్చావా నాయనా? నెమ్మదిగా, తొందరేం లేదు," అన్నాడు కెప్టెన్.

తమ్ముడి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఎలా ఉన్నావు? భోంచేశావా?" అంది కందిరీగ. ఆ పిల్ల గొంతులో అంత మెత్తదనం ఉందని ఎవరికి తెలుసు!

మొదటి ఆటలో వాడు పొరబడ్డాడు. ఎదుటివాళ్ళు కుడినుంచి వస్తుంటే "ఎడమ," అన్నాడు. పెద్దాయన ఎడమకి పరుగెత్తి నిక్షేపంలా గుళ్ళకెదురెళ్ళి చచ్చాడు. పాతరోజులైతే మూడు తరాలని దింపి తిట్టాల్సిన తప్పు. తమ్ముడు తిట్టు కోసం ఎదురుచూశాడు. అక్క కూడా చూసింది.

"పరవాలేదు బాబూ, నేనే సరిగ్గా వినలేదు," అన్నాడు పెద్దాయన.

"బాగానే చూశాడు, మనమే ఆలస్యం చేశాం," అంది కందిరీగ.

తమ్ముడు కళ్ళు తిప్పి అక్కని చూశాడు. "చెప్పావు," అన్నాడు. అడగడం కాదు.

"చెప్పాను." అక్క తలెత్తలేకపోయింది. "తినడం మానేశావురా. నన్నేం చెయ్యమంటావు? నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

అరవడానికి వాడికి ఊపిరి లేదు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. రెండో ఆట మొదలైపోయింది.

ఈసారి ముగ్గురూ బయటికి వెళ్ళలేదు. మెట్లెక్కి మేడమీదికి వచ్చి, వాడి బొమ్మ చుట్టూ నిలబడ్డారు, ముందొకరు, అటొకరు, ఇటొకరు. కిటికీ కూడా కనిపించకుండా అడ్డం నిలబడ్డారు.

"పొండి," అన్నాడు తమ్ముడు మైకులో.

"నీకు తోడుంటాం," అన్నాడు కెప్టెన్.

"పొండిరా. ఓడిపోతాం."

"ఓడిపోతే ఏమైంది? ఆట కోసమా ఇదంతా?" అంది కందిరీగ. ఏడుస్తోంది, వినపడుతూనే ఉంది.

అక్క మైకు లాక్కుంది. "వెళ్ళండమ్మా, మీకు దణ్ణం పెడతాను! తిట్టండి, అరవండి, ఏదైనా చెయ్యండి, ఇలా చుట్టూ నిలబడకండి!" అంది. ఎవరూ కదల్లేదు. ప్రేమతోనే నిలబడ్డారు మరి, వాళ్ళని ఏమని తిడతాం?

మెట్లమీద బూట్ల చప్పుడైంది. ముందు పెద్దాయన పడిపోయాడు. తర్వాత కందిరీగ. తుపాకీ ఎత్తనైనా ఎత్తకుండా, వాడికి అడ్డంగా నిలబడే కెప్టెన్ కూడా పడిపోయాడు. మేడమీద తమ్ముడొక్కడే మిగిలాడు, ఎదురుగా ఎదుటి జట్టు మనిషి. తమ్ముడు నొక్కబోయాడు. వేలు కదల్లేదు. మళ్ళీ నొక్కబోయాడు. ఆ మనిషి రెండు క్షణాలు చూసి, నుదుటిమీద ఒక్కటిచ్చాడు.

ఆ ఆటలో అంత దగ్గరికొస్తే ఎదుటివాళ్ళ గొంతు కూడా వినిపిస్తుంది. "ఏంట్రా దద్దమ్మా, నిద్రపోతున్నావా?" అంది ఆ గొంతు. "నీలాంటి సన్నాసికి తుపాకీ ఎవడిచ్చాడ్రా? పో, పోయి ఇంకేదైనా ఆడుకో!"

తమ్ముడు నవ్వాడు. ఆ వారంలో మొదటిసారి, పళ్ళు కనిపించేలా నవ్వాడు. నవ్వుకే ఊపిరంతా అయిపోయి దగ్గొచ్చింది. అక్క వీపు నిమిరి, తల ఎత్తి పట్టుకుంది. దగ్గు తగ్గేదాకా ఆగి వాడు తెరకేసి చూశాడు. కింద జట్టు ముగ్గురూ "బాధపడకు", "చాలా బాగా ఆడావు", "నువ్వుంటే చాలు" అని రాస్తున్నారు.

"మైకు ఆపెయ్యి," అన్నాడు. అక్క ఆపింది.

"వాళ్ళ జట్టులో... చోటుందేమో అడుగు."

"ఎవరి జట్టులోరా?"

"ఇప్పుడు కాల్చాడే. వాడి జట్టులో." ఊపిరి పీల్చుకున్నాడు. "ఈసారి ఏం చెప్పకు."

ఆ పొద్దున పరీక్షలో పదికి రెండొచ్చాయని అక్కకి తెలుసు. వాడికీ తెలుసు. ఎన్నాళ్ళకి చోటు అడుగుతున్నారో ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆమె చెంపలు తుడుచుకుని, ఆ ఎదుటి మనిషి పేరు వెతికి, మీ జట్టులో చేరొచ్చా అని రాసింది.

జవాబు వెంటనే వచ్చింది. "ఎవరు, ఆ నిద్రమొహం గాడా? వద్దు బాబోయ్, మాకేం ఖర్మ!"

తమ్ముడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇంకో జట్టుని అడుగక్కా," అన్నాడు.

అక్క అడగడం మొదలుపెట్టింది.